యాంటెన్నా తీగ మీద తడిచీర

దయ్యాలు లేవు. ఈ మాట ఇంట్లో కూర్చుని అనుకున్నవాణ్ణి కాదు, మైకు పట్టుకుని ఊరూరా చెప్పినవాణ్ణి. నందిగామ చుట్టుపక్కల నిప్పుల మీద నడిచి చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించుకున్నాను. నిమ్మకాయ కోస్తే రక్తం కారేలా చేసి, అది ఏ రసాయనమో ఆ జనం ముందే విప్పి చెప్పాను. పూనకం వచ్చిన మనిషి ముందు నిలబడి ప్రశ్నలు వేశాను. నేను ఓడిపోయిన సభ ఒక్కటీ లేదు.

ఇప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. దయ్యం కథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఒక మనిషికి జరిగింది, నేను నా కళ్లతో చూసింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పేర్లు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. అంతకు మించి ఏమీ కల్పించలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను నందిగామలో హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. సలీం జగ్గయ్యపేటలో ఫిజిక్సు చెప్పేవాడు. జ్యోతిషం మీద మేం పెట్టిన సభలో గ్రహాల గురించి మాట్లాడటానికి వచ్చి నాకు స్నేహితుడయ్యాడు.

సలీంకి ఒక పిచ్చి ఉండేది. మన గురుగ్రహం రేడియో తరంగాలు వదులుతుంది. తగిన తీగలు కట్టుకుంటే ఇంటి దగ్గర కూర్చుని వినవచ్చు. అల వచ్చి ఒడ్డున విరిగినట్టు సర్రుమని లేచి పడిపోతుంది. వేరే సూర్యుళ్ల చుట్టూ కూడా గురుగ్రహం లాంటివి తిరుగుతున్నాయని అప్పటికి కొన్నేళ్ల క్రితమే తేలింది. మరి అవి కూడా ఇలా చప్పుడు చేస్తూ ఉండాలి కదా, ఆ చప్పుడు మనకి అందుతుందా అన్నది అతని ప్రశ్న.

అతను ఎంచుకున్న నక్షత్రం స్వాతికి దగ్గర్లో కష్టం మీద కంటికి ఆనేంత మసగ్గా ఉంటుంది. మన ప్రాంతంలో సరిగ్గా నడినెత్తి మీదుగా దాటుతుంది. దాని చుట్టూ ఒక పెద్ద గ్రహం ఎంత దగ్గరగా తిరుగుతుందంటే అక్కడ ఏడాది అంటే మనకి మూడు రోజుల పైచిలుకు. కొలిమిలో పడ్డ ఇనుప గుండు లాంటిదది. అక్కడ ప్రాణి అనేది ఉండటానికి వీల్లేదు.

"నా తీగలు చాలవు మేష్టారూ, ఆ సంగతి నాకూ తెలుసు. కోట్లు పెట్టినవాళ్లకే దొరకలేదు," అనేవాడు. "అయినా వినకుండా ఎట్టా ఉంటాం?"

జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వైపు వచ్చి, హైవే వదిలి లోపలికి పోతే ఒక ఊరుంది. ఊరి చివర సున్నపురాయి తేలిన బీడు ఒకటి అతను అద్దెకు తీసుకున్నాడు. వెదురు బొంగులు పాతి రాగి తీగలు కట్టాడు. ఊళ్లోవాళ్లు అది కొత్త రకం కేబుల్ టీవీ అనుకున్నారు. మాక్కూడా కనెక్షన్ ఇస్తారా, సినిమాలు వస్తాయా అని అడిగి, రావని తెలిశాక మరి ఇదంతా దేనికని జాలిపడ్డారు.

కరెంటు కోత వేళ అందరూ విసుక్కుంటుంటే సలీంకి పండగ. మోటార్లు, మిక్సీలు ఆగిపోయి ఆకాశం శుభ్రంగా వినపడుతుందనేవాడు. లారీ బ్యాటరీ పెట్టుకుని ఆ కోత వేళల్లోనే పనిచేసేవాడు. ఆ వేళలు వారం వారం మారేవి, అతనూ వాటితో పాటు మారేవాడు.

అతని పని పద్ధతి ఒకటి చెప్పాలి. పది నిమిషాలు తీగలు నక్షత్రం వైపు వింటాయి. తర్వాత స్విచ్చి తిప్పితే మరో పది నిమిషాలు ఆకాశంలో పక్కచోటు వింటాయి. పక్కకి తిప్పినా అదే చప్పుడు ఉంటే అది మన ఊరిది, ఏ లారీదో. తిప్పగానే ఆగిపోయి, మళ్లీ నక్షత్రం వైపు తిప్పగానే మొదలైతే అప్పుడది పైనుంచి వచ్చేది. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. అబద్ధాన్ని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదని సభల్లో కూడా చెప్పేవాణ్ణి. సలీంకి మాత్రం ఎటు తిప్పినా వినపడింది ఏమీ లేదు.

బీడు పక్కనే ఆ పొలం సొంతదారుల ఇల్లు. కొడుకు శ్రీను సిమెంటు లారీ డ్రైవరు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. తల్లి వెంకాయమ్మ, భార్య కోటేశ్వరి ఇంట్లో ఉండేవారు. కోటేశ్వరికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. చలాకీ మనిషి. సలీం తీగల మీద బట్టలు ఆరేసేది. అవి దండేలు కాదమ్మా అని సలీం మొత్తుకుంటే, "ఖాళీగానే ఉంటన్నయ్ కదండీ సార్, మీకు వినపడేదీ లేదు, నాకు చీరలన్నా ఆరతాయి," అనేది.

వానాకాలం చివర, పత్తి పూత మీదున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, సిమెంటు ఫ్యాక్టరీ రెండు గంటల సైరన్ మోగే వేళకి, ఆమె తడిచీర తీగ మీద వేయబోతూ అలాగే ఆగిపోయింది. చేతులు పైకెత్తి, చీరలోంచి నీళ్లు మోచేతుల మీదుగా కారుతుండగా నిలబడిపోయింది. అత్త పిలిస్తే పలకలేదు. కాసేపటికి వదిలింది. ఇంకాసేపటికి మళ్లీ పట్టింది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

ఊరు ఏమంటుందో నాకు ముందే తెలుసు. గాలి సోకిందన్నారు. రెండో వారానికి ఆ మాట మారి, సాయిబు తీగలు కట్టి ఏదో ప్రయోగం చేస్తున్నాడన్నారు. బొంగులు పీకేస్తామని నలుగురు కుర్రాళ్లు సలీం మీదికి వెళ్లారు. గరికపాడు చెక్‌పోస్టు అవతల ఒక భూతవైద్యుడున్నాడు, కోటేశ్వరిని అతని దగ్గరికి తీసుకెళ్లాలని నిర్ణయమైపోయింది.

ఆ వైద్యుడి పద్ధతి నాకు తెలుసు. జుట్టు పట్టుకుని, మొహం కింద ఎండుమిరపకాయల పొగ పెడతాడు. దయ్యం తన పేరు చెప్పేదాకా తియ్యడు. అంతకు ముందు అతని చేతిలో పడిన ఒక ఆడపిల్లని నేను చూశాను. ఆ పిల్లకి చూపు పోయింది.

సలీం కబురు పెడితే వెళ్లాను. పాల కేంద్రం ముందు జనాన్ని పిలిచి మాట్లాడాను. ఆ రాగి తీగని రెండు చేతులా పట్టుకున్నాను, నుదురు కూడా ఆనించాను. ఏదీ, నన్ను పట్టమనండి అన్నాను.

వెనకనుంచి ఒక ముసలాయన, "మేష్టార్ని అది పట్టదులే. పట్టినా ఈయనతో వాదించలేక సాయంత్రానికి ఊరొదిలి పారిపోద్ది," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే సగం గెలిచినట్టే అని నా అనుభవం. దీపావళి లోపల కారణం చూపిస్తాను, చూపించలేకపోతే నేను అడ్డు రాను అని అందరి ముందూ సవాలు చేశాను.

శ్రీను నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "నాకు నా పెళ్లాం బాగుండాలండి. దయ్యమో జబ్బో మీరూ మీరూ తేల్చుకోండి. దీపావళి దాటితే మాత్రం నేను మా అమ్మ మాట కాదనలేను."

ఆమెను మొదటిసారి ఆ స్థితిలో చూసింది ఆ రోజే. వంటింటి గడప మీద కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూర్ఛ వచ్చినవాళ్లని, పూనకం నటించేవాళ్లని, నిజంగానే ఒళ్లు తెలియనివాళ్లని ఎందరినో చూశాను. ఈమె వాళ్లెవరిలాగా లేదు. పొలంలో పాము కనిపిస్తే కదలకుండా నిలబడిపోతాం చూడండి, అలా ఉంది. ఒళ్లు తెలుస్తోంది. తెలిసే కదలడం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నా వీపు చల్లబడింది. ఆకలి వల్ల అనుకున్నాను.

తీగలకి, ఆ ఊరికి దూరంగా ఉంచితే నిజం తేలుతుందని కోటేశ్వరిని, వెంకాయమ్మని నందిగామలో మా ఇంటికి తీసుకొచ్చాను. విజయవాడలో నరాల డాక్టరుకి చూపించాం. తలకి తీగలు అంటించి పరీక్ష చేశారు, ఏమీ కనపడలేదు. ఆయన బిళ్లలు రాసిచ్చి, ఇంట్లో మనసు కష్టపెట్టుకునే విషయాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. నేనూ అదే అనుకుంటున్నాను. భర్త ఇంట్లో ఉండడు, అత్త ఒక్కత్తే తోడు, పైగా పిల్లలు లేరని మాటలు. మనసు ఒంటి మీద పగ తీర్చుకోవడం కొత్త సంగతి కాదు.

కానీ మా ఇంట్లోనూ వచ్చింది. రోజూ వచ్చింది. నేను గోడ గడియారం తీసేశాను. రేడియో కట్టేయించాను. ఆమెను లోపలి గదిలో ఉంచి కిటికీలు మూయించి చూశాను. అయినా వచ్చింది.

దాని నడత మొదట గమనించింది మా ఆవిడ లలిత. "ఏవండీ, వచ్చిన కొత్తల్లో మనం అన్నాలు తినేటప్పుడు వచ్చేది. తర్వాత పప్పు ఉడికేటప్పుడు వచ్చింది. ఇప్పుడు కూరలు తరిగేటప్పుడే వచ్చేస్తోంది," అంది. నీ వంటే ఆలస్యమవుతోందేమో అని వేళాకోళం చేశాను. ఆ తర్వాత సెలవు పెట్టి ఇంట్లో ఉండి చూశాను. నిజమే. ప్రతిరోజూ ముందటి రోజు కన్నా నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది.

ఇదేదో సలీంకి చెబుదామని సాయంత్రం ఫోన్ చేశాను. నాలుగు నిమిషాలేనా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "రేపు నేనొస్తన్నా. అప్పటిదాకా ఆ అమ్మాయితో ఏం మాట్లాడకండి," అన్నాడు.

మర్నాడు బస్సు దిగి వచ్చి నాతో చెప్పింది ఇది. సూర్యుణ్ణి బట్టి నడిచేవన్నీ రోజూ ఒకే వేళకి వస్తాయి. బడి గంట, సైరను, ఆకలి, నిద్ర, మనిషి అలవాట్లు అన్నీ అంతే. నక్షత్రాలు మాత్రం రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతాయి. నెలకి రెండు గంటలు. మనిషి ఒళ్లు ఆ లెక్కన నడవదు. నడిచే జబ్బు ఏదీ లేదు.

అతను ఏ వేళకి ఎదురుచూస్తున్నాడో మాకు చెప్పలేదు. చేతి గడియారం తీసి గుప్పెట్లో పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. కోటేశ్వరి లలిత పక్కన బీరకాయలు చెక్కు తీస్తోంది. సలీం గుప్పెట విప్పి చూసుకున్నాడు. అదే సమయానికి ఆమె చేతిలో కత్తి ఆగింది. పగటి వెలుతురులో కనపడకపోయినా, తన నక్షత్రం సరిగ్గా నడినెత్తికి వచ్చే వేళ అదేనని అతను తర్వాత చెప్పాడు.

పది నిమిషాలు. తర్వాత ఒళ్లు సడలి గట్టిగా ఊపిరి తీసుకుంది. ఇంకో పది నిమిషాలకి మళ్లీ బిగుసుకుంది. వదలడం, పట్టడం నేను నెల రోజులుగా చూస్తున్నదే. ఆ లెక్క ఎక్కడిదో నాకు అంతవరకూ తట్టలేదు. సలీం మొహం చూశాక తట్టింది.

రెండోసారి వదిలినప్పుడు అతను మెల్లగా అడిగాడు. "నీకేం అనిపిస్తుందమ్మా అప్పుడు?"

ఆమె లలిత వైపు చూసి, ఆవిడ చెప్పమన్నట్టు తలూపాక చెప్పింది. "ఎవరో నా వైపు తిరుగుతారండి. కాసేపు అట్టాగే ఉంటారు. తర్వాత పక్కకి తిరుగుతారు. నేనింకా ఉన్నానో లేదోనని మళ్లీ తిరుగుతారు."

లలిత ఇచ్చిన టీ తాగకుండానే సలీం లేచి వెళ్లిపోయాడు. మర్నాడు బొంగులన్నీ తనే పీకి, తీగలు చుట్టేసి, బీడు ఖాళీ చేశాడు. ఆ తర్వాత అతను ఆకాశం వైపు ఏ తీగా కట్టలేదు.

నేను అంత తేలిగ్గా లొంగలేదు. ఆమె సలీం పని రోజూ చూసింది, పది నిమిషాల లెక్క ఆమె ఒంటికి పట్టేసింది అని వాదించుకున్నాను. కానీ సలీం కరెంటు కోత వేళల్లో పనిచేశాడు, ఈమెకి వచ్చేది ఆ వేళల్లో కాదు. పైగా నెల రోజులుగా ఆమె మా ఇంట్లో ఉంది. గడియారం లేని గదిలో కూర్చుని రోజుకి నాలుగు నిమిషాలు కొలుచుకోవడం నావల్ల కాదు. మీరూ ప్రయత్నించి చూడండి.

దీపావళి దగ్గర పడింది. ఉన్న నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నెత్తి మీద నక్షత్రం ఉన్న వేళకి వస్తోందని నా నోటితో నేనే చెబితే, ఆ పొగవాడికి అంతకన్నా ఏం కావాలి? హేతువాద మేష్టారే ఒప్పుకున్నాడని డప్పు వేయిస్తాడు.

అందుకని కాగితం పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. అప్పటికి ఉదయం పదకొండు ప్రాంతాల వస్తోంది. నెలకి రెండు గంటల చొప్పున జరిగితే శివరాత్రి నాటికి తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండే వేళకి వెళ్లిపోతుంది.

అత్తాకోడళ్లని ఊళ్లో దింపి, పాల కేంద్రం ముందు మళ్లీ నిలబడ్డాను. ఇది నరాల జబ్బు, డాక్టరు మందు ఇచ్చాడు, రోజురోజుకీ ముందుకి జరుగుతూ శివరాత్రికల్లా పూర్తిగా పోతుంది అన్నాను. వెంకాయమ్మ మందు డబ్బా ఎత్తి చూపించింది. గ్రహణం వేళ ముందే తెలుసుకుని సూర్యుణ్ణి మింగిస్తానని బెదిరించే దొంగబాబాల మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో. ఆ రోజు నేను చేసింది ఆ పనే. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆ అమ్మాయి కళ్లు కాపాడాలి, అంతే.

లెక్క తప్పలేదు. ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ ఆగిపోయిందనీ, గుప్పెట్లోంచి పిండి కారి ఒకే చోట కుప్ప పడిందనీ వెంకాయమ్మ చెప్పింది. మాఘమాసం వచ్చేసరికి ఎవరికీ ఏమీ కనపడలేదు. శివరాత్రి వెళ్లాక ఊరంతా కలిసి నాకు శాలువా కప్పారు. వెంకాయమ్మ అయితే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి తలనొప్పి వచ్చినా నా దగ్గరికే పొమ్మనేది.

నాకు మాత్రం ఆ లెక్క అక్కడితో ఆగదని తెలుసు. రాత్రంతా దాటుకుని వానలు ముదిరేసరికి సాయంత్రం వేళకి వస్తుంది, అందరూ మెలకువగా ఉండే వేళకి. అప్పుడు ఊరు ఊరుకోదు. అందుకే ఆషాఢం చివర ఒక సాయంత్రం ఆ ఊరు వెళ్లాను.

వెంకాయమ్మ పాలకేంద్రానికి పాలు పోయడానికి వెళ్లబోతూ నన్ను చూసి, మేష్టారి చెయ్యి మంచిదని పక్కింటివాళ్లకి వినపడేలా చెప్పి పోయింది. కోటేశ్వరి అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఆరోగ్యంగా కనిపించింది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆ వేళ వచ్చింది. నేను ఆమె చేతులే చూస్తున్నాను. ఆగలేదు. ఆకు తుంచుతూనే ఉంది.

"తగ్గిపోయిందన్నమాట," అన్నాను.

"తగ్గలేదండి." తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. "ఆగితే జనం చూస్తారు. చెయ్యి ఆడుతుంటే ఎవరూ పట్టించుకోరు. నిద్రల్లో వచ్చినన్నాళ్లూ ఇదే నేర్చుకున్నానండి. ఆయన పక్కనే పడుకుని చీకట్లో వేళ్లు కదుపుకుంటా ఉండేదాన్ని."

ఎవరైనా వింటున్నారేమోనని నేను వాకిలి వైపు చూశాను.

"మీరు ఎవరికీ చెప్పకండి మేష్టారూ. మందుకే పోయిందని చెప్పండి. మా అత్త నమ్మింది, ఆయన నమ్మాడు. ఆ పొగకి నేను తట్టుకోలేను."

చెప్పనని మాట ఇచ్చాను. మరి భయం వెయ్యడం లేదా అని అడిగాను. రోడ్డు మీద గేదెలు ఇంటికి వస్తున్నాయి. ఆమె వాటి వైపు చూస్తూ ఆకు తుంచింది.

"ముందు పక్కకి తిరిగేవాళ్లు కదండి, ఆ కాసేపూ ఊపిరి పీల్చుకునేదాన్ని," అంది. "ఈ ఉగాది కాణ్ణుంచి తిరగట్లేదండి. చూస్తానే ఉంటన్నారు."

నేను ఆ అరుగు మీద నుంచి లేచి బస్సు ఎక్కేదాకా ఒక్కసారి కూడా తల ఎత్తి పైకి చూడలేదు. చూసినా ఏమీ ఉండదు. ఇంకా వెలుతురు ఉంది, మబ్బు పట్టి ఉంది. అయినా చూడలేకపోయాను.

సలీం అప్పటికి బదిలీ మీద వేరే జిల్లాకి వెళ్లిపోయాడు. ఫోన్ చేసి, ఆమె పేరు ఎత్తకుండా ఒక్కటే అడిగాను. నక్షత్రం వైపు, పక్కకి, మళ్లీ నక్షత్రం వైపు అని తిప్పేవాడివి కదా, ఆ తిప్పడం ఎప్పుడు మానేస్తారు అని.

ఎందుకని అతను అడగలేదు. "ఉన్నది నిజమేనని తేలాక మేష్టారూ. తేలిపోయాక ఇంక తిప్పే పనేముంది?"

నేను చేయగలిగిన వాదనలన్నీ చేసుకున్నాను. ఆ నక్షత్రం నుంచి వెలుగు ఇక్కడికి రావడానికి యాభై ఏళ్లు పైనే పడుతుంది. ఇవాళ అక్కడినుంచి ఎవరైనా ఇటు చూసినా వాళ్లకి కనపడేది కోటేశ్వరి పుట్టకముందు నాటి భూమి. ఆ గ్రహం మీద ప్రాణి బతకదు. అలాంటి గ్రహాల చప్పుడు ఇదీ అని ఈ రోజుకీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఈ మాటలన్నీ నిజం. ఏ సభలో అయినా నిలబడి చెబుతాను. వీటిలో ఒక్కటి కూడా ఆ అరుగు మీద నేను చూసినదానికి జవాబు కాదు.

వెంకాయమ్మ పోయింది. ఆ పొగవాడూ పోయాడు. కోటేశ్వరికి ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఉద్యోగం చేస్తున్నాడు. ఇక రాసుకోండి మేష్టారూ, ఊరి పేరు మాత్రం వద్దు అని ఆమె చెప్పాకే రాస్తున్నాను. ఆమె చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటాయని, క్షణం ఖాళీగా కూర్చోదని ఊళ్లో మెచ్చుకుంటారు.

కారణం నాకు తెలియదు. ఇవాళ అది ఏ వేళకి వస్తుందో మాత్రం తెలుసు.